ఎర్ర బోర్డు జిమ్: పొద్దున బ్యాచ్‌కి 2 స్టార్లు, సాయంత్రం బ్యాచ్‌కి 4న్నర

మూడు నెలల ప్యాకేజీ మొన్న శనివారంతో అయిపోయింది. రిసెప్షన్ అమ్మాయి రెన్యువల్ చేయిస్తారా మేడం అని రెండుసార్లు మెసేజ్ పెట్టింది, చేయించాను కూడా, కానీ పొద్దున బ్యాచ్‌కి కాదు సాయంత్రం బ్యాచ్‌కి. అదెందుకో చెప్పాలంటే ఈ రివ్యూ కొంచెం పెద్దదే అవుతుంది, ఓపికుంటే చదవండి. పేరు రాయట్లేదు, వైజాగ్‌లో ఇప్పుడు ఇలాంటివి చాలానే వచ్చాయి, అన్నింట్లోనూ కథ కాస్త అటూ ఇటూగా ఇదేనని వెళ్ళొచ్చిన వాళ్ళు అంటున్నారు.

ముందు నా సంగతి. వయసు 43, ఆడిటర్ ఆఫీసులో పని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీ. మా వదిన చేరింది, ఒక్కదాన్నే వెళ్ళలేనమ్మా నువ్వూ రా అని నన్నూ లాగింది. గ్రూప్ క్లాసుల జిమ్ ఇది, మామూలు జిమ్‌లా ఎవరికి వాళ్ళు వెళ్ళి ట్రెడ్‌మిల్ ఎక్కడం కాదు, ఇరవై మందిని నిలబెట్టి ఒక కోచ్ 50 నిమిషాలు చేయిస్తాడు. మూడు నెలలకి 9,500. ఛాతీకి కట్టుకునే బెల్ట్ ఇంకో 2,000, అది తప్పనిసరి, ఎందుకంటే వీళ్ళ దగ్గర అసలు ఆకర్షణ గోడకి పెట్టిన పెద్ద టీవీ. మీ పేరు, మీ హార్ట్‌రేట్, దాని వెనక ఒక రంగు. బూడిద, నీలం, ఆకుపచ్చ, పసుపు, చివరికి ఎరుపు. ఎరుపులో ఎన్ని నిమిషాలుంటే అన్ని పాయింట్లు, నెలాఖరుకి ఎక్కువ పాయింట్లొచ్చిన వాళ్ళకి ఒక షేకర్ బాటిల్. నలభై దాటిన మనిషిని, షేకర్ బాటిల్ కోసం బర్పీలు (నేల మీదకి వాలి, లేచి ఎగిరే కసరత్తు) కొట్టానంటే ఇప్పుడు తల్చుకుంటే నాకే నవ్వొస్తోంది.

పొద్దున ఆరింటి బ్యాచ్ కోచ్ కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో, మంచివాడే, మనిషిని తప్పు పట్టట్లేదు. కానీ అతనికి తెలిసింది ఒకటే, ఎరుపు. వార్మప్ నాలుగు నిమిషాలు, తర్వాత 20 సెకన్లు చావగొట్టడం, 10 సెకన్లు ఆపడం, అలా ఎనిమిదిసార్లు, దాన్ని టబాటా అంటారు, ఒకటి అయ్యాక రెండు నిమిషాలు ఊపిరి పీల్చుకోనిచ్చి మళ్ళీ ఇంకోటి, అలా వరసగా. ఆఖరి టబాటా అన్నింటికన్నా ఘోరం, ఫినిషర్ అంటాడు దాన్ని, అందులో అందరూ ఎరుపులోకి రావాల్సిందే, ఆకుపచ్చలో ఎవరి పేరైనా కనబడితే మైకులో పేరు పెట్టి పిలుస్తాడు. బజర్ మోగగానే చప్పట్లు, సెల్ఫీ, బై మేడం. కూల్‌డౌన్ అనేది టైమ్ టేబుల్లో రాసుంది గానీ నేను మూడుసార్లకి మించి చూళ్ళేదు.

మొదటి వారం ఒళ్ళు హూనం అయింది, అది అందరికీ ఉండేదే అని సరిపెట్టుకున్నా. రెండో వారం నుంచి ఒళ్ళు అలవాటు పడింది కానీ మనసు పడలేదు. ముందురోజు రాత్రి అన్నాలప్పుడే కడుపులో ఒకలాంటి బెంగ మొదలయ్యేది, పరీక్షకి ముందురోజులా. క్లాసులో అయితే ఆ మూడో టబాటా దగ్గర నోట్లో ఇనుము నాకినట్టు రుచి, చెవుల్లో హోరు, పెట్టిన పాట ఏదో కూడా వినపడదు. ఇంటికొచ్చాక పావుగంట బాగానే ఉండేది, నిజం చెప్పాలి, స్కూటీ మీద వస్తుంటే గాలి తగిలి గొప్పగా ఉండేది, ఏదో సాధించినట్టు. ఎనిమిదిన్నరకల్లా అది కాస్తా దిగిపోయి చిరాకు ఎక్కేది. మా వాడు బెల్ట్ కనబడట్లేదమ్మా అంటే ఇల్లెగిరిపోయేలా అరిచాను ఒకరోజు. ఆఫీసులో ఒక క్లయింట్ మూడోసారి అదే బిల్లు పంపిస్తే ఫోన్‌లో అతనితో మాట్లాడిన తీరుకి మా సార్ తలెత్తి చూశారు. మా ఆయన ఒకరోజు కాఫీ తాగుతూ, నెమ్మదిగా, "నువ్వు జిమ్‌కి వెళ్ళని రోజే బాగుంటున్నావు" అన్నాడు. ఆ మాటకి ఇంకా కోపం వచ్చింది, ఎందుకంటే నిజం.

ఎక్కడ చూసినా వ్యాయామం చేస్తే మూడ్ బాగుపడుతుంది అనే కదా అంటారు. మరి నాకేంటి ఇలా, నాలోనే ఏదో తేడా ఉందనుకున్నా. మా తమ్ముడి కూతురు ఇక్కడే ఫిజియోథెరపీ చదువుతోంది, ఆదివారం భోజనానికొస్తే దానితో చెప్పుకున్నా. అది నవ్వేసి, "అత్తా, క్లాసు అయ్యాక ఎలా ఉంది అని కాదు, క్లాసు మధ్యలో ఎలా ఉందో రాసుకుంటున్నావా" అంది. ఎక్కడ రాస్తానే, చేతిలో కెటిల్‌బెల్ బరువు ఉంటే. అప్పుడది ఒక స్కేలు చెప్పింది, ప్లస్ 5 నుంచి మైనస్ 5 దాకా, ప్లస్ 5 అంటే బ్రహ్మాండంగా ఉంది, సున్నా అంటే ఏమీ లేదు, మైనస్ 5 అంటే ఘోరంగా ఉంది. 1989లో హార్డీ, రెజెస్కీ అని ఇద్దరు తయారు చేశారట, ఎంత కష్టపడుతున్నావు అనేది వేరు, ఎలా అనిపిస్తోంది అనేది వేరు, రెండూ విడివిడిగా అడగాలని. చెప్పగానే నాకు భలే నచ్చింది, ఎంతైనా లెక్కల మనిషిని కదా. వంటింటి గోడ క్యాలెండర్లో తిథి కింద ఖాళీ ఉంటుంది, అక్కడ మూడు అంకెలు రాయడం మొదలుపెట్టా: క్లాసు మధ్యలో, ఇంటికి రాగానే, మధ్యాహ్నం ఒంటిగంటకి.

మొదటి పది క్లాసులు చూస్తే మధ్యలో మైనస్ 3, మైనస్ 4, ఒకరోజు మైనస్ 5. ఇంటికి రాగానే ప్లస్ 2. ఒంటిగంటకి మళ్ళీ మైనస్ 1, మైనస్ 2. ఇంటికి రాగానే ఆ ప్లస్ 2 ఎందుకొస్తుందంటే, మా మేనకోడలు చెప్పడం, బాగా గట్టి వ్యాయామం ఆపిన మరుక్షణం నుంచి మనసు పైకి లేస్తుంది, అది దాదాపు అందరికీ ఉంటుంది, అందుకే క్లాసు తర్వాత ఫారంలో ఎలా ఉంది అని అడిగితే అందరూ సూపర్ అని రాసేస్తారు. బిగుతు చెప్పులు విప్పినప్పుడు వచ్చే హాయి లాంటిదన్నమాట. మర్నాడు మళ్ళీ రావాలా వద్దా అని తేల్చేటప్పుడు మాత్రం మనిషికి ఆ హాయి కన్నా మధ్యలో పడ్డ బాధే గుర్తొస్తుంది. మా బ్యాచ్‌లో నాతో చేరినవాళ్ళు పద్నాలుగు మంది, రెండో నెల దాటేసరికి కనబడింది ఐదుగురం. డబ్బు కట్టేసి మానేశారు, ఆలోచించండి.

ఈ విషయం మీద ఎక్కువ పని చేసినాయన పేరు పాంటెలీమోన్ ఎక్కెకాకిస్ అట, గ్రీకు పేరు, అమెరికాలో ప్రొఫెసరు. నేను పలకడానికే రెండురోజులు పట్టింది. ఆయన చెప్పేది నాకు అర్థమైనంతలో ఇదీ: ప్రతి మనిషికీ ఒక గీత ఉంటుంది. ఆ గీతకి కింద ఉన్నంతసేపూ ఊపిరి సర్దుకుంటుంది, చాలామందికి బాగానే అనిపిస్తుంది. గీత దగ్గరికొస్తే మనిషిని బట్టి, కొందరికి మజా, కొందరికి నరకం. గీత దాటి బాగా పైకి పోతే మాత్రం దాదాపు అందరికీ బాధే, ఎందుకంటే అప్పుడు ఆలోచన పనిచెయ్యదు, ఆయాసం, కండరాల మంట అవే బుర్రనంతా ఆక్రమించుకుంటాయి, నువ్వు ఎంత మోటివేషన్ ఇచ్చినా లోపలికి ఎక్కదు. ఆ గీత కనుక్కోవడానికి ల్యాబులో మాస్కు పెట్టి కొలుస్తారు గానీ మనకి అంత అక్కర్లేదు, మాట్లాడి చూసుకుంటే చాలు. వాక్యాలు వాక్యాలుగా మాట్లాడగలుగుతున్నావంటే గీత కిందే ఉన్నావు, రెండు మూడు ముక్కలకే ఊపిరి తెగుతోందంటే దాటేశావు. కుర్చీ ఉద్యోగం వాళ్ళకి ఆ గీత బాగా కిందే ఉంటుంది. పాతికేళ్ళ కోచ్‌కి ఆటగా ఉండే స్పీడు నాకు గీత దాటి ఎక్కడికో పోయినట్టు. అతను అబద్ధం చెప్పట్లేదు, అతనికి నిజంగానే మజా.

ఆ రంగుల బోర్డు గురించి కూడా చెప్పాలి, 2,000 పెట్టి కొన్నాం కదా. రంగు ఎలా లెక్కేస్తారని అడిగితే 220లోంచి వయసు తీసేస్తారట. నాకు 177. అందులో 85 శాతం, అంటే 150 దాటితే ఎరుపు. ఈ 220 లెక్క ఒక సగటు మాత్రమే, ఒకే వయసు వాళ్ళలో కూడా పది పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలే, అంటే నాకు ఎరుపు చూపించే చోట ఇంకొకరికి అంత ఆయాసం రాకపోవచ్చు. పైగా మన వైజాగ్ ఉక్కపోతలో అదే పనికి గుండె ఇంకా ఎక్కువ కొట్టుకుంటుంది, ఏసీ రెండిట్లో ఒకటి పని చెయ్యని రోజు అందరం పదినిమిషాలకే పసుపులో ఉన్నాం. అన్నింటికన్నా నవ్వొచ్చేది, మా బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ బాబాయ్ గారు. ఆయన ఎంత కష్టపడినా పేరు ఆకుపచ్చ దాటదు, కోచ్ మైకులో "బాబాయ్ గారూ ఇంకా పుష్ చెయ్యాలి" అని రోజూ అరుపు. ఆయన ముఖం చూస్తే చెమటలు కారిపోతున్నాయి. ఒకరోజు మెట్ల మీద మాటల్లో తెలిసింది, బీపీకి బీటా బ్లాకర్ బిళ్ళ వేసుకుంటున్నారట. ఆ బిళ్ళ పనే గుండె వేగం పెరక్కుండా చూడటం! టీవీకేం తెలుసు పాపం. ఇదొక్కటీ మాత్రం తేలిగ్గా తీసుకునే విషయం కాదు, చేరేటప్పుడు ఫారంలో మందులేమైనా వాడుతున్నారా అని ఒక్క ప్రశ్న లేదు, నేను రిసెప్షన్‌లో చెప్తే చూస్తాం మేడం అన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు. మీరు మందులు వాడుతుంటే మీ డాక్టర్ని అడిగి మరీ వెళ్ళండి.

టబాటా అంటే కూడా ఏదో పురాతన జపాన్ రహస్యంలా చెప్తారు అక్కడ. ఇజుమి టబాటా అనే ఆయన 1996లో వేసిన పేపరు అది, జపాన్ స్పీడ్ స్కేటింగ్ జట్టు చేసే ప్రాక్టీసు చూసి పరీక్షించారు, చేసింది కసరత్తు అలవాటున్న కుర్రాళ్ళు, అదీ ల్యాబులో సైకిల్ మీద. కొలిచింది దమ్ము ఎంత పెరిగింది అని, మనసుకి ఎలా ఉంది అని కాదు. 2015లో అమెరికాలో విస్కాన్సిన్‌లో కాలేజీ పిల్లల చేత ఇదే చేయించి, మామూలుగా స్థిరంగా సైకిల్ తొక్కిన వాళ్ళతో పోల్చి చూస్తే దమ్ము రెండు వైపులా ఒకేలా పెరిగింది గానీ టబాటా వాళ్ళకి తక్కువ నచ్చిందట. కాలేజీ పిల్లలకే నచ్చకపోతే ఇంక నా పరిస్థితి ఏంటి.

ఇక సాయంత్రం బ్యాచ్. రెండో నెల మధ్యలో మా ఆఫీసు టైమింగ్ మారి అనుకోకుండా ఏడున్నరకి వెళ్ళాను. అదే హాలు, అవే మ్యాట్లు, అదే ఏసీ, కోచ్ వేరు. ఈవిడకి యాభై దగ్గర్లో ఉంటాయి, ఒకప్పుడు స్కూల్లో పీఈటీగా చేసేవారట, గొంతు పెద్దది గానీ అరవరు. మొదటిరోజే టీవీ ఆపేశారు. నేనింకా కరెంటు పోయిందేమో అనుకున్నా. "బోర్డు కాదమ్మా, పక్కనున్నావిడతో మాట్లాడుతూ చెయ్యి, మాట ఆగిపోయిందంటే కాస్త తగ్గించు" అన్నారు. మాట్లాడుకుంటూ చెయ్యడానికి జిమ్‌లో డబ్బులివ్వాలా అని నాకు మొదట అనుమానం. కానీ చేస్తే తెలిసింది, తేలికేం కాదు, స్టెప్ మీద ఎక్కడం దిగడం, రోయింగ్, స్క్వాట్స్, నలభై నిమిషాలు ఆగకుండా, చెమట పొద్దున కన్నా ఎక్కువే పట్టింది. మధ్యమధ్యలో ఒక నిమిషం గట్టిగా చేయించి మళ్ళీ కిందికి తీసుకొచ్చేస్తారు, ఆ గట్టి నిమిషాలన్నీ కూడా క్లాసు మొదట్లోనే, వార్మప్ అవగానే. తర్వాత్తర్వాత మెల్లమెల్లగా తగ్గుతూ, ఆఖరి పది నిమిషాలు నడకలా అయిపోయి, చివరికి నేల మీద పడుకోబెట్టి పిక్కలు లాగించి పంపిస్తారు.

ఇది మా మేనకోడలికి చెప్తే ఎగిరి గంతేసింది. 2016లో సరిగ్గా దీని మీదే ఒక ప్రయోగం చేశారట, ఆ ఎక్కెకాకిస్ కూడా అందులో ఉన్నాడు. సైకిల్ మీద పదిహేను నిమిషాలు, కొందరి చేత మెల్లగా మొదలెట్టించి గట్టిగా ముగించారు, ఇంకొందరి చేత గట్టిగా మొదలెట్టించి మెల్లగా ముగించారు. మొత్తం పని దాదాపు అంతే. తగ్గిస్తూ ముగించిన వాళ్ళకి ఆ తర్వాతా బాగుంది, కొన్నాళ్ళ తర్వాత అడిగినా బాగుండేది అన్నారు. పీఈటీ మేడం గారికి ఈ పేపరు సంగతి తెలీదు, అడిగాను. "పిల్లల్ని గ్రౌండ్‌లో ఏడిపించి ఇంటికి పంపిస్తే మర్నాడు కడుపునొప్పి అని రారు కదమ్మా" అన్నారు, అంతే.

క్యాలెండర్ చూస్తే సాయంత్రం బ్యాచ్‌లో మధ్యలో ప్లస్ 1, ప్లస్ 2, ఇంటికి రాగానే ప్లస్ 3, మర్నాడు ఒంటిగంటకి ప్లస్ 1, సున్నాకి తగ్గింది రెండే రెండుసార్లు. అయితే లెక్కల మనిషిని కాబట్టి నాకే డౌటు వచ్చింది, ఇది బ్యాచ్ తేడానా లేక తెల్లారి నాలుగున్నరకి లేవడం, ఖాళీ కడుపు, నిద్ర తక్కువ, వీటి తేడానా అని. అందుకని రెండు వారాలు మళ్ళీ పొద్దున బ్యాచ్‌కే వెళ్ళి, కోచ్ ఏం అరిచినా వినకుండా, మాట ఆగని స్పీడులోనే చేశా. మైకులో నా పేరు రోజూ మోగింది, సిగ్గు వదిలేశా. చిరాకు పూర్తిగా పోలేదు గానీ సగానికి పైగా తగ్గింది, మధ్యలో మైనస్‌లు సున్నాకొచ్చాయి. కాబట్టి నిద్ర వాటా కొంత, ఆ ఎరుపు వాటా ఎక్కువ అని నా ఆడిట్ రిపోర్టు. ఒక్క మనిషి లెక్క ఇది, దీన్ని పట్టుకుని ఎవరితోనూ వాదించకండి.

ఎండార్ఫిన్లు, అంటే ఒంట్లో ఊరే హాయినిచ్చే రసాయనాలు, వాటి గురించి కూడా ఆ పొద్దున కోచ్ రోజూ చెప్పేవాడు, ఎంత గట్టిగా కొడితే అంత రిలీజ్ అవుతాయి మేడం అని. రక్తంలో పెరిగిన ఎండార్ఫిన్ మెదడులోకి అంత తేలిగ్గా వెళ్ళలేదట, అందుకని ఇప్పుడు ఎక్కువమంది ఇంకోదాన్ని అనుమానిస్తున్నారు, దాని పేరు వింటే మీకు నవ్వొస్తుంది, ఆనందమైడ్. నిజంగానే మన ఆనందమే. 1992లో జెరూసలేం హీబ్రూ యూనివర్సిటీలో రఫాయెల్ మెషులామ్ ల్యాబులో కనిపెట్టి సంస్కృతం మాట చూసి ఆ పేరు పెట్టారు. ట్రెడ్‌మిల్ మీద కొద్దిమందిని పరిగెత్తించి 2013లో చూస్తే, మరీ మెల్లగా నడిచినప్పుడూ, మరీ విపరీతంగా పరిగెత్తినప్పుడూ కాకుండా, మధ్యస్థంగా పరిగెత్తినప్పుడే ఇది బాగా పెరిగిందట. ఈ ముక్క కోచ్‌కి చెప్తే "గూగుల్‌లో అన్నీ రాస్తారు మేడం, ఒక సెట్ వెయ్యండి" అన్నాడు.

మా వదిన సంగతి చెప్పకపోతే ఈ రివ్యూ అన్యాయం అవుతుంది. ఆవిడకి ఆ ఎరుపంటే ప్రాణం. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, చిన్నప్పుడు కబడ్డీ ఆడింది, ఫినిషర్‌లో కేకలు వేస్తూ చేస్తుంది, షేకర్ బాటిల్ కూడా ఆవిడకే వచ్చింది, ఇప్పుడందులో మజ్జిగ పోసుకుంటోంది. పొద్దున బ్యాచే కావాలంటుంది, రోజంతా హుషారుగా ఉంటుంది, ఆవిడ స్కేలు అడిగితే మధ్యలో కూడా ప్లస్ 3 అంది, నమ్మాలి మరి. కాబట్టి పొద్దున బ్యాచ్ చెడ్డదనట్లేదు, అందరినీ ఒకే రంగులోకి తొయ్యడం చెడ్డది. వారానికి 75 నిమిషాలు గట్టిగా చేసినా, 150 నిమిషాలు మధ్యస్థంగా చేసినా ఆరోగ్యానికి సరిపోతుందనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తోంది, రెండు దారులూ ఉన్నప్పుడు నచ్చిన దారిలో పోనివ్వడానికి వీళ్ళకేం నొప్పి.

పైసా ఖర్చు లేని దారి కూడా ఒకటుంది, అది జిమ్ వాళ్ళకి నచ్చదు గానీ రాస్తాను. ఆదివారాలు బీచ్ రోడ్డుకి వెళ్తున్నా, తెల్లవారుజామున బండ్లు ఆపేస్తారు కదా, కాళీమాత గుడి దగ్గర్నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాటి, మూడు నిమిషాలు గబగబా, మూడు నిమిషాలు మామూలుగా. ఇదీ జపాన్‌దే, అక్కడి షిన్షు యూనివర్సిటీ వాళ్ళు పెద్దవయసు వాళ్ళ కోసం పెట్టిన పద్ధతి. నా క్యాలెండర్లో ప్లస్ 4 పడ్డవి అన్నీ ఆదివారాలే. అది నడకదా, సముద్రందా, తర్వాత తినే ఇడ్లీదా అని ఆడిట్ చెయ్యదల్చుకోలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. బాత్రూములు శుభ్రంగా ఉంటాయి, లాకర్ తాళం మీరే తెచ్చుకోవాలి. టూవీలర్ పార్కింగ్ ఉంది, కారైతే వీధిలో పెట్టుకోవాల్సిందే, పక్కింటి గేటుకి అడ్డం పెట్టారో తిట్లు ఖాయం. ఊరెళ్తే పదిరోజులు ఫ్రీజ్ చేస్తామంటారు, చేశారు కూడా, అందులో మాట తప్పలేదు. బెల్ట్ రెండో నెలకే చర్మం దగ్గర ఒరుసుకుని దద్దురు వచ్చింది, కడిగి ఆరబెడితే తగ్గింది. ఆడవాళ్ళకి విడిగా బ్యాచ్ లేదు, అడిగిచూడండి, పది మంది అడిగితే పెడతామన్నారు. ట్రయల్ క్లాసు ఒకటి ఫ్రీ, దానికి ఏ టైముకి వెళ్తే ఆ కోచే వస్తారు కాబట్టి రెండు టైముల్లోనూ ట్రయల్ అడగండి, కాస్త గట్టిగా అడిగితే ఇస్తారు, మా పక్కింటావిడకి ఇచ్చారు.

సాయంత్రం బ్యాచ్ ఇప్పుడు నిండిపోతోంది, మ్యాట్లు పదహారే ఉన్నాయి, మేం ఇరవై మందిమి. 7:20కల్లా వెళ్ళండి, లేకపోతే అద్దం పక్కన స్తంభం వెనక నిలబడాలి, అక్కడికి ఫ్యాను గాలి రాదు.